పాలరాతి పిట్ట ఆరోగ్య పరిస్థితి

"మీ పాఠశాల ఆవరణలోని విగ్రహమునకు గల సద్గుణమును నెలాఖరులోగా తెలియజేయవలెను" అని విలువల శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ సత్యవేదం గారు దాన్ని రెండుసార్లు చదివి, ఫ్యాను పెంచమన్నారు. తరువాత నన్ను పిలిపించారు. తెలుగు మాస్టారిని కాబట్టి అర్థం కాని కాగితాలన్నీ మొదట నా దగ్గరికే వస్తాయి.

రాతిని చూసి మనిషి మారతాడని ఎవరో పెద్దమనిషి ఎక్కడో సభలో అన్నారట. సభల్లో అన్నవాటిని సభలోనే వదిలేసి రావడం మామూలు. ఈ మాటను మాత్రం ఎవరో వెంట తెచ్చుకున్నారు. దాంతో "శిలతో శీలం" అనే పథకం పుట్టింది. పథకం ప్రకారం ప్రతి స్కూలు విగ్రహమూ ఆమోదిత జాబితాలోని పదహారు సద్గుణాల్లో ఒకదాన్ని ప్రకటించాలి. ఆ గుణం పేరుతో బోర్డు పెట్టాలి. పిల్లలు రోజూ బోర్డు ముందు నిలబడి గుణాన్ని గ్రహించాలి. ఏ గుణమూ లేదని తేలిన విగ్రహాన్ని లారీలో జిల్లా గిడ్డంగికి పంపించాలి.

"మన పిట్టమ్మాయిని పట్టుకుపోతారా మాస్టారూ?" అన్నారు సత్యవేదం గారు.

"గుణం దొరక్కపోతే అంతేనండి" అన్నాను.

పిట్టమ్మాయి అంటే మా స్కూలు ముందున్న పాలరాతి బొమ్మ. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో రాతితో నీతి చెప్పడం బాగా సాగిన వ్యాపారమని చెబుతారు. ఓర్పు కావలసినవారికి ఓర్పు, పశ్చాత్తాపం కావలసినవారికి పశ్చాత్తాపం తెల్లటి పాలరాతిలో చెక్కి, గడ్డిలో చుట్టి, ఓడకెక్కించేవారట. మా ఓడలపాలెంలో ఉప్పు కొఠార్ల మీద పెత్తనం చేసిన దొరగారి భార్య అలాంటి బొమ్మ ఒకటి తెప్పించుకుంది. ఆ బంగళాయే తరువాత మా స్కూలైంది. ఆవిడ ఏ గుణం కావాలని రాసిందో తెలిపే ఇత్తడి పలక ఒకటి ఉండేదట. దాన్ని ఎవరో ఎప్పుడో ఊడబెరికి అమ్ముకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బొమ్మ ఒక చిన్నపిల్ల. పదేళ్లుంటాయేమో. ఒళ్లో ఒక పిట్ట వెల్లకిలా పడి ఉంటుంది, కాళ్లు ముడుచుకుని. పిల్ల దాన్ని చూస్తూ ఉంటుంది. చెక్కినవాడు ఎంత ఓపిక గలవాడంటే, బూట్ల గుండీలు కూడా వదల్లేదు. ఎడమ బుగ్గ మీద ఒక కన్నీటి చుక్కను కూడా రాతిలోనే నిలబెట్టాడు. ఉప్పుగాలికి ముక్కు కొస అరిగింది గాని చుక్క అరగలేదు.

ఆ బొమ్మ కింద ఒక వెడల్పాటి మెట్టు ఉంది. మా స్కూల్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా చనిపోతే, ఆ పిల్లో పిల్లవాడో తిరిగి బడికి వచ్చిన రోజు మొదటి పీరియడ్ ఆ మెట్టు మీద కూర్చుంటారు. ఎవరూ ఏమీ అడగరు. హాజరు మాత్రం వేస్తారు. ఈ పద్ధతి పెట్టింది మా డ్రాయింగు టీచరు మాణిక్యం. ఆమె నా భార్య. మొన్న వానాకాలంలో చనిపోయింది. ఈ మాటకు తెలుగులో మర్యాదైన పర్యాయపదాలు చాలా ఉన్నాయి. పిల్లల చేత రాయించాను కూడా. ఇంటికి వచ్చినవాళ్లు వాటిలో దాదాపు అన్నీ వాడారు. నాకు మాత్రం ఉన్నమాటే సులువుగా ఉంది. కర్మకాండ అయ్యాక బడికి వచ్చిన రోజు నేను నేరుగా ఎనిమిదో తరగతికి వెళ్లి సంధులు చెప్పాను. మెట్టు పిల్లల కోసం పెట్టింది.

విలువల శాఖ నుంచి వచ్చిన అధికారి పేరు పరబ్రహ్మం గారు. సఫారీ సూటు, మెడలో భూతద్దం. ఆయన బొమ్మ చుట్టూ ప్రదక్షిణం చేసి, ముక్కు దగ్గర ఆగి, బుగ్గ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"పాఠశాల పక్షాన ప్రతిపాదిత గుణం ఏమిటమ్మా?"

"ఓర్పండి" అన్నారు సత్యవేదం గారు. మేమిద్దరం ముందే అనుకున్న మాట అది.

"ఆధారం?"

"ఎండనకా వాననకా కూర్చునే ఉందండి, మా తాతల కాలం నుంచీ."

"ఆ లక్షణం విగ్రహాలన్నిటికీ సర్వసామాన్యమమ్మా. పక్క మండలంలో ఒక సింహం ఉంది. అదీ కూర్చునే ఉంది. దానికి మేము వినయం ఇచ్చాము."

"సింహానికి వినయమాండి?"

"తల వంచి ఉంది. పైగా ఓర్పు కోటా ఈ జిల్లాలో పూర్తయింది." ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీరు భాషావేత్తలు. ఈ ముఖంలో మీకు గోచరిస్తున్న భావమేమిటి? నిర్మొహమాటంగా చెప్పండి."

"దుఃఖం అండి."

ఆయన జాబితా తీసి వేలితో కిందిదాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చారు. "దుఃఖం లేదు."

"ఎందుకు లేదండి?"

"దుఃఖం గుణం కాదు మాస్టారూ. సంతోషం యొక్క లోటు. లోటును ప్రోత్సహించడం శాఖ విధానం కాదు." కాసేపు భూతద్దం తిప్పుతూ ఆలోచించారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. "ఈ పిట్ట బతికి ఉందనుకోండి. అప్పుడు ఈ బాలిక చేస్తున్నది ఏమిటి? జీవకారుణ్యం! జాబితాలో ఏడో అంశం!"

"కానీ అది చచ్చిపోయిందండి" అన్నారు సత్యవేదం గారు.

"ఆ మాట మీరూ నేనూ అనడానికి వీల్లేదమ్మా. అది పశువైద్యుల పరిధి."

పశువైద్యుడు నాగూర్ మీరా గారు మర్నాడు మోపెడ్ మీద వచ్చారు. ఏదో గేదె ఈనుతుంటే మధ్యలో వదిలేసి వచ్చానని చెప్పారు. పరబ్రహ్మం గారు కాగితం చూపించారు. నాగూర్ మీరా గారు కాగితాన్నీ, పిట్టనూ, మా ముఖాల్నీ వరసగా చూశారు. ఎవరూ నవ్వకపోయేసరికి స్టెతస్కోపు తీసి పాలరాతి పిట్ట గుండె మీద పెట్టారు.

"ఊపిరి లేదండి."

"బాలికకు ఉందా?"

ఆయన స్టెతస్కోపు పిల్ల వీపు మీద పెట్టి చూశారు. "లేదండి."

"చూశారా! బాలిక బతికి ఉన్నట్టే కదా మనం భావిస్తున్నాం? కాబట్టి ఊపిరి ఇక్కడ కొలబద్ద కానేరదు."

"కాళ్లు పైకున్నాయండి మరి."

"నిద్రపోతూ ఉండవచ్చు."

"పిట్టలు వెల్లకిలా పడుకోవండీ బాబూ!"

"ఇది ఇంగ్లండు పిట్ట డాక్టరుగారూ. అక్కడి పక్షుల శయన విధానం మీద మీకు సాధికారత ఉందా?"

తనకు లేదని నాగూర్ మీరా గారు ఒప్పుకున్నారు. అయినా నిజాయితీపరుడు కాబట్టి రిపోర్టులో "దేహంలో చలనం లేదు" అని రాసి, గేదె దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ ఒక్క వాక్యం జిల్లా కార్యాలయానికి చేరింది. చలనం లేని పక్షి బహిరంగ ప్రదేశంలో కనిపిస్తే, కారణం తేలేవరకూ చుట్టుపక్కల కోళ్ల కొట్లు మూయించాలని అక్కడ ఒక నిబంధన ఉంది. అందులో పక్షి అని ఉంది గాని, దేనితో చేసిన పక్షి అని లేదు. ఆదివారం పొద్దున్నే పంచాయతీ వాళ్లు వచ్చి కొట్లు మూయించారు. స్కూలు గోడ చుట్టూ సున్నం చల్లారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు బొమ్మ దగ్గరికి వచ్చి, భయంభయంగా మందు కొట్టి, పరుగెత్తారు.

ఆ సాయంత్రమే కోళ్ల కొట్టు రాంపండు మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా శిష్యుడు. చెప్పులు గుమ్మంలో విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మాస్టారండీ, మీ రాతి పిట్ట చచ్చిపోయిందని నా కొట్టు మూయించేశారండి. ఆదివారం పూట! ఇదేమన్నా బాగుందాండి?"

"బాగాలేదు రాంపండూ."

"ఎప్పుడు చచ్చిందంటండి అసలు?"

"విక్టోరియా రాణి బతికుండగా."

"మరి అప్పటినుంచీ ఊళ్లో కోళ్లకేమైందండి? మా తాత అమ్మాడు, మా నాన్న అమ్మాడు, నేనూ అమ్ముతున్నాను. ఒక్కళ్లకన్నా తుమ్ము వచ్చిందాండి?" గోడ మీద మాణిక్యం ఫొటో కనిపించి గొంతు తగ్గించాడు. "టీచరుగారుంటే అడిగేసేవోరండి ఆళ్లని. మీరేమో మెత్తనండి."

అది నిజమే. ఆమె అడిగేసేది.

రాంపండూ మిగతా కోళ్ల వ్యాపారులూ కలిసి వెళ్లి, పిట్ట బతికే ఉందని పెద్ద అర్జీ పెట్టుకున్నారు. ఒకవైపు వైద్యుడి రిపోర్టు, ఇంకోవైపు ప్రజాభిప్రాయం. ఇలాంటప్పుడు శాఖలు చేసే పనే ఈ శాఖా చేసింది. పిట్టను "పరిశీలనలో" ఉంచింది. పరిశీలనలో ఉన్న పక్షికి గింజలూ నీళ్లూ పెట్టాలని ఇంకో నిబంధన ఉంది. బొమ్మ ఒళ్లో, పిట్ట ముక్కు పక్కనే, ఒక ఇత్తడి గిన్నెలో నూకలు, ఒక మూకుడులో నీళ్లు పెట్టారు. మా అటెండరు సింహాచలం రోజూ సాయంత్రం గిన్నె చూసి మిగిలినవెన్నో రాయాలి.

మా స్కూలు చూరులో పిచ్చుకలున్నాయి. సింహాచలం నమ్మకస్థుడు. చూసిందే రాశాడు. "గిన్నె ఖాళీ. మూకుడులో నీళ్లు సగం." మరునాడు కూడా అదే. ఆ మరునాడు గింజలు చాలడం లేదని రాశాడు.

ఈ వివరాలు చదివిన పరబ్రహ్మం గారు జీపు వేసుకుని వచ్చేశారు. పిట్టను చూసే చూపులో ఈసారి కొంత ఆప్యాయత ఉంది.

"ఆహారం స్వీకరిస్తోంది! ఆకలి పెరుగుతోంది కూడా! ఇంతకన్నా శాస్త్రీయ నిదర్శనం ఏం కావాలి?"

"పిచ్చుకలు తింటున్నాయండి" అన్నాను.

"పిచ్చుకల ప్రస్తావన రికార్డులో ఉందా?"

"లేదండి. పిచ్చుకల గురించి ఎవరూ అడగలేదు."

"రికార్డులో లేని పిచ్చుకల మీద శాఖ నిర్ణయం తీసుకోజాలదు మాస్టారూ."

అలా పిట్ట బతికింది. సున్నం కడిగించారు. కొట్లు తెరిచారు. రాంపండు ఒక కోడిని తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక బొమ్మ ముందు కాసేపు నిలబడి, వెనక్కి తీసుకుపోయాడు. "జీవకారుణ్యం" అని బోర్డు రాయించారు. ఇక మేకులు కొట్టడమే తరువాయి అనుకుంటుండగా పరబ్రహ్మం గారి భూతద్దం మళ్లీ బొమ్మ బుగ్గ దగ్గర ఆగింది.

"పిట్ట క్షేమంగా ఉండగా ఈ పిల్ల ఎందుకు ఏడుస్తున్నట్టు?"

ఆయనే మళ్లీ జాబితా తీశారు.

"జీవకారుణ్యానికి కన్నీరు విరుద్ధం. రెండే మార్గాలు. ఒకటి, తాపీమేస్త్రీ చేత ఈ చుక్కను అరగదీయించడం. రెండు, ఇది ఆనందబాష్పమని అర్హులైన భాషాపండితుడు ధ్రువీకరించడం." ఆయన నన్ను చూసి ఎంతో స్నేహంగా నవ్వారు. "మీరుండగా మేస్త్రీ దేనికి? ఆ ఖర్చుకు శాఖలో పద్దు కూడా లేదు. రెండు వాక్యాలు చాలు. పిట్ట సుఖనిద్రలో ఉందనీ, బాలిక ఆనందబాష్పం రాల్చిందనీ. మీ సంతకం పడితే విగ్రహం ఇక్కడే ఉంటుంది. లేకపోతే భావవైరుధ్యం కింద గిడ్డంగికి పంపక తప్పదు."

కాగితం, పెన్ను బల్ల మీద పెట్టారు. సత్యవేదం గారు నా వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

నేను పెన్ను తీసుకున్నాను. రెండు వాక్యాలే. అంతకన్నా పెద్ద అబద్ధాలకు నేను వ్యాకరణం దిద్దాను. బొమ్మ ఉంటే మెట్టు ఉంటుంది. మెట్టు ఉంటే పిల్లలు కూర్చుంటారు. ఈ లెక్కలో తప్పేమీ కనిపించలేదు. "ఈ పిట్ట" అని రాశాను.

అప్పుడు పరబ్రహ్మం గారు కిటికీలోంచి చూసి, "ఆ పాప ఎవరు? తరగతి సమయంలో మెట్టు మీద కూర్చుందేమిటి?" అన్నారు.

ఏడో తరగతి భూలక్ష్మి. వాళ్ల నాయనమ్మ పోయి, ఆ రోజే బడికి వచ్చింది. మేము చెప్పేలోగానే ఆయన వరండాలోకి వెళ్లారు. వెనకే మేమూ వెళ్లాం.

"ఏమ్మా, ఈ విగ్రహం నుంచి ఏ గుణం గ్రహించావు?"

భూలక్ష్మి లేచి నిలబడింది. "ఏం గ్రహించలేదండి. ఊరికే కూకున్నానండి."

"ఊరికే కూర్చోకూడదమ్మా. ఈ పాప నిద్రపోతున్న పిట్టను కాపాడుతోంది. తెలుసా?"

"పిట్ట నిద్రపోతం లేదండి. చచ్చిపోయిందండి."

"ఎవరు చెప్పారు?"

"మాణిక్యం టీచరుగారండి. మా తాత పోయినప్పుడు ఇక్కడే కూకోబెట్టి చెప్పారండి. చచ్చిపోయిందాన్ని పడుకుందని చెప్తే, మనం లేపుతూ కూర్చుంటాం, అది లేవదు, అందుకని ఉన్నమాటే చెప్పుకోవాలన్నారండి."

"తప్పుడు బోధన! ఆ టీచరును పిలిపించండి."

"రాలేరండి" అన్నాను.

"సెలవా?"

"కాదండి."

"బదిలీయా?"

"కాదండి."

సత్యవేదం గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. పరబ్రహ్మం గారు భూతద్దాన్ని జేబులో పెట్టుకోబోయారు. అది గొలుసుతో మెడలో ఉండటం వల్ల కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశారు. ఆయన దగ్గరున్న మాటల్లో ఇలాంటి చోట పనికొచ్చేది లేదు. నేను ఆయన్ను తప్పుపట్టను. అది జాబితా చేసినవాళ్లు చూసుకోవలసిన విషయం.

నేను లోపలికి వెళ్లి, మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేశాను. "ఈ పిట్ట చనిపోయింది. ఈ పిల్ల అందుకు ఏడుస్తోంది." సంతకం చేసి ఇచ్చాను. రెండు వాక్యాలే అడిగారు, రెండే ఇచ్చాను.

ఆయన చదివి, మడతపెట్టి, మెల్లగా అన్నారు: "మీరు వ్యక్తిగతంగా ఏమనుకున్నా, నాకు నియమం నియమమే మాస్టారూ. ఎల్లుండి లారీ వస్తుంది."

లారీ వచ్చింది. తాళ్లు, గడ్డి, నలుగురు కూలీలు. వచ్చినప్పుడూ గడ్డిలోనే వచ్చింది కదా అనుకున్నాను. పిల్లల్ని క్లాసుల్లోంచి రానివ్వలేదు గాని, కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. కూలీలు బొమ్మ నడుముకు తాడు చుడుతుండగా, నాగూర్ మీరా గారి మోపెడ్ గేట్లోకి వచ్చింది. ఆయన్ను ఎవరూ పిలవలేదని పరబ్రహ్మం గారి ముఖంలోనే తెలిసింది.

"ఆపండాపండి! పర్మిటేదండీ?"

"రాతి బొమ్మకు పర్మిటేమిటి డాక్టరుగారూ?"

"బొమ్మకు అక్కర్లేదండి. పిట్టకి కావాలండి. బతికున్న పిట్టని లారీలో ఎక్కించాలంటే, ప్రయాణానికి పనికొస్తుందని నేను సర్టిఫికెట్టివ్వాలండి. పిట్ట బతికుందని మీ శాఖే తేల్చింది కదండీ?"

పరబ్రహ్మం గారు పిట్టను చూశారు, లారీని చూశారు. అది బతికి లేదని అనవచ్చు. కానీ అప్పుడు కోళ్ల కొట్లు మూయించాలి, సున్నం చల్లించాలి, శాస్త్రీయ నిదర్శనాన్ని వెనక్కి తీసుకోవాలి. గేటు దగ్గర రాంపండు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక మిగతా కొట్లవాళ్లున్నారు.

"అయితే సర్టిఫికెట్టు ఇవ్వండి" అన్నారు చివరికి.

నాగూర్ మీరా గారు స్టెతస్కోపు పెట్టారు. ఈసారి ఎంతో సేపు విన్నారు. రెక్క కింద వేలితో తట్టారు. ముడుచుకున్న కాళ్లు పరీక్షించారు. పెదవి విరిచారు.

"బాగా నీరసంగా ఉందండి. కదపకూడదండి."

"ఎప్పటికి కోలుకుంటుంది?"

"అదిప్పుడు చెప్పలేమండి. ఇంగ్లండు పిట్ట కదండీ. ఆటి సంగతి నాకంతగా తెలీదు."

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. గడ్డి మాత్రం దింపేశారు. దాన్ని నాగూర్ మీరా గారు ఆ గేదెకు పట్టుకెళ్లారు. ఈనింది పెయ్యదూడట. ఏ గుణం బోర్డు పెట్టాలో పిట్ట కోలుకున్నాక ఆలోచిస్తామని శాఖ నుంచి కాగితం వచ్చింది. అంతవరకూ గింజలూ నీళ్లూ కొనసాగించాలట. పిచ్చుకలు బాగా బలిశాయి.

తరువాతి సోమవారం నేను మామూలుగానే బడికి వెళ్లాను. ప్రార్థన అయ్యాక ఎనిమిదో తరగతి వైపు నడుస్తూ, బొమ్మ దగ్గర ఆగాను. చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నాను. పిల్లల కొలతకు సరిపోయే మెట్టు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

సత్యవేదం గారు వరండాలో కనిపించి, ఒక్క క్షణం నిలబడి, నా క్లాసుకు తానే వెళ్లారు. ఏడో తరగతి కిటికీలోంచి పిల్లలు చూస్తున్నారు. ఒకడు "మాస్టారండీ..." అని ఏదో అనబోయాడు. పక్కనున్న భూలక్ష్మి వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది.

ఆ పీరియడ్ అయ్యేదాకా ఎవరూ ఏమీ అడగలేదు.